కెమెరా కానుక: పెట్టె మీది మెగాపిక్సెల్ కాదు, లెన్స్ చుట్టూ ఉన్న అంకెలు చూడండి

కొనేది ఒకరు, వాడేది ఇంకొకరు. కెమెరాని కానుకగా ఇవ్వడంలో చిక్కంతా ఇక్కడే ఉంది. మనకోసం కొనుక్కున్నదైతే నాలుగు రోజులు తిప్పలు పడైనా అలవాటు చేసుకుంటాం. కానుకగా వచ్చిన కెమెరా మొదటిరోజే సతాయించిందంటే మాత్రం నేరుగా బీరువా పై అరలోకి పోతుంది, మళ్ళీ కిందికి దిగదు. మైలాపూర్‌లో ఉన్న అమ్మమ్మకి ఇచ్చేదీ, అన్నానగర్‌లో ఏడో తరగతి చదివే మేనకోడలికి ఇచ్చేదీ, పెరంబూర్‌లో పసిబిడ్డ ఉన్న జంటకి ఇచ్చేదీ ఒకే కెమెరా కావడానికి వీల్లేదు. బడ్జెట్ ఎంత అని అడిగే ముందు, వాళ్ళ చేతిలో ఉన్న ఫోన్ ఏ పని చెయ్యలేకపోతోందో తెలుసుకోవాలి. దానికి జవాబు దొరికితే కెమెరా సగం ఎంచుకున్నట్టే.

ఎంపిక ఇంత కష్టం కావడానికి కారణం బజారులో ఉంది. జపాన్ కెమెరా కంపెనీల సంఘం లెక్కల్లో 2010లో 12 కోట్లకు పైగా డిజిటల్ కెమెరాలు ఫ్యాక్టరీలు దాటాయి. వాటిలో చాలాభాగం జేబులో పట్టే చిన్న కెమెరాలే. 2023కి వచ్చేసరికి అన్నిరకాలూ కలిపి 80 లక్షల లోపు. చిన్నవి 20 లక్షలు కూడా లేవు. ఫోన్ ఆ బజారుని మింగేసింది. మిగిలినవి మూడు తెగలు: ఎప్పుడో తయారై ఇంకా అక్కడక్కడా దొరికే సాదా మోడళ్ళు, అర లక్ష దాటే ఖరీదైనవి, ఆన్‌లైన్‌లో కుప్పలుగా కనబడే పేరూ ఊరూ లేని "48 మెగాపిక్సెల్" కెమెరాలు. ఒకప్పుడు ఏడెనిమిది వేలకి నమ్మకంగా కొనగలిగిన మధ్యతరగతి కెమెరా ఉండిన చోటు దాదాపు ఖాళీ. ఆ ఖాళీలోకి జొరబడింది ఈ మూడో తెగ. కానుక కొనేవాళ్ళు ఎక్కువగా మోసపోయేది వీటి దగ్గరే.

ముందు ఒక ఆశ తుంచేయాలి. మామూలు చిన్న కెమెరా మంచి ఫోన్ కంటే అందమైన ఫొటోలు తీస్తుందనుకుని కొనకండి. సాయంత్రం ఇంట్లో, ట్యూబ్‌లైట్ వెలుగులో, ఫోన్ అరక్షణంలో నాలుగైదు ఫొటోలు తీసి కలిపి శుభ్రం చేసి ఇస్తుంది. సాదా కెమెరా తీసేది ఒక్కటే. పైగా ఖరీదైన ఫోన్లలో ప్రధాన కెమెరా సెన్సార్ (లెన్స్ వెనక వెలుగుని పట్టి ఫొటోగా మార్చే చిప్పు) చాలాసార్లు ఈ కెమెరాల సెన్సార్ కంటే పెద్దది. అయినా చిన్న కెమెరాకి సొంతమైన పనులు నాలుగున్నాయి. లెన్స్ నిజంగా బయటికి సాగి దూరాన్ని దగ్గర చేసే జూమ్. కదిలే పిల్లవాణ్ణి కూడా నిలబెట్టి పట్టుకునే జీనాన్ ఫ్లాష్. వేలికి తగిలే అసలైన బటన్, మణికట్టుకి తాడు. నాలుగోది, చాలామంది తక్కువగా చూసేది: అది ఫోన్ కాకపోవడం. స్కూలు విహారయాత్రకి ఫోన్ తేవద్దంటే కెమెరా తీసుకెళ్ళొచ్చు. ఫొటో తీస్తుంటే మెసేజ్ రాదు. పదేళ్ళ పిల్లకి ఇంటర్నెట్ ఇవ్వకుండా ఫొటోలు ఇవ్వొచ్చు. కానుకగా కెమెరా ఇవ్వడానికి ఈ చివరి కారణం ఒక్కటే చాలు.

ఉంగరం మీద రాసి ఉన్నది

దుకాణంలో కెమెరా చేతికిచ్చినప్పుడు పెట్టె పక్కన పెట్టి, లెన్స్‌ని ముఖానికి ఎదురుగా తిప్పి చూడండి. అద్దం చుట్టూ ఉన్న ఉంగరం మీద చిన్న అక్షరాల్లో అంకెలుంటాయి. కెనాన్ ఇక్సస్ 185 మీద 5.0-40.0, ఆ తర్వాత 1:3.2-6.9 అని ఉంటుంది. ఈ నాలుగు అంకెల్లో కెమెరా జాతకం మొత్తం ఉంది.

మొదటి జత లెన్స్ ఫోకల్ లెంగ్త్, అంటే దూరాన్ని ఎంత దగ్గర చేస్తుందో చెప్పే కొలత, మిల్లీమీటర్లలో. పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే జూమ్ వస్తుంది: 40ని 5తో భాగిస్తే 8 రెట్లు. లెన్స్ నిజంగా చేసే జూమ్ ఇది. పెట్టె మీద "16 ఎక్స్" అని రాసి, ఉంగరం మీద ఒకే అంకె ఉంటే జూమ్ లేదన్నమాట. తీసిన ఫొటోని మధ్యలో కత్తిరించి పెద్దది చేసి చూపించడమే. ఆ పని ఫోన్లో వేళ్ళతో మనమే చేసుకోగలం.

అదే జత ఇంకో రహస్యం చెబుతుంది. మొదటి అంకె 4, 5 దగ్గర ఉంటే లోపల ఉన్నది 1/2.3 అంగుళం తరగతి సెన్సార్, అంటే సుమారు 6.2 మిల్లీమీటర్ల పొడవు, 4.6 వెడల్పు. చిటికెన వేలి గోరు కంటే చిన్నది. మొదటి అంకె 9, 10 దగ్గర ఉంటే "1 అంగుళం" సెన్సార్. పేరుకే అంగుళం, అసలు కొలత 13.2, 8.8 మిల్లీమీటర్లు. పాతకాలపు టీవీ కెమెరా గొట్టాల కొలతల నుంచి మిగిలిపోయిన పేరది. అయినా వైశాల్యంలో మొదటిదానికి 4 రెట్లు. కెనాన్ పవర్‌షాట్ జీ7 ఎక్స్ మార్క్ 3 ఉంగరం మీద 8.8-36.8, 1:1.8-2.8 అని చూస్తారు. సోనీ ఆర్ఎక్స్100 మొదటి మోడల్ 10.4 దగ్గర మొదలవుతుంది.

రెండో జత లెన్స్ ఎంత వెలుగు మింగగలదో చెప్పేది. అంకె ఎంత చిన్నదైతే వెలుగు అంత ఎక్కువ. ఇక్సస్‌లో జూమ్ లేనప్పుడు 3.2, పూర్తిగా జూమ్ చేస్తే 6.9. వెలుగు ఈ అంకె వర్గానికి విలోమంగా ఉంటుంది కాబట్టి, జూమ్ చివరికి వెళ్ళేసరికి సెన్సార్‌కి అందే వెలుగు నాలుగో వంతు కంటే తగ్గిపోతుంది. ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. నవరాత్రుల్లో సాయంత్రం హాల్లో బొమ్మల కొలువు ముందు పిల్లలు కూర్చున్నారు, ట్యూబ్‌లైట్లు వెలుగుతున్నాయి. ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా చూపే సున్నితత్వం) 800 పెట్టుకుంటే జూమ్ లేకుండా షటర్ (వెలుగుని లోపలికి వదిలే తలుపు) దాదాపు సెకనులో 50వ వంతు తెరిచి ఉండాలి. చేతులు కుదురుగా ఉంటే గట్టెక్కుతుంది. అక్కడే నిలబడి వెనక వరసలో పాట పాడుతున్న పాపని జూమ్ చేస్తే షటర్ 11వ వంతుకి వస్తుంది. పాప తల తిప్పితే చాలు, ముఖం చెరిగిపోతుంది. కెమెరాలో స్టెబిలైజేషన్ ఉంది కదా అంటారు. అది తీసేవాళ్ళ చేతి వణుకుని సరిదిద్దుతుంది, ఎదుటివాళ్ళ కదలికని ఆపలేదు. ఇంట్లో ఫొటోలు చెడేది ఎక్కువగా రెండోదాని వల్లే.

అందుకే మామూలు కెమెరా ఇచ్చేటప్పుడు ఒకే మాట నేర్పాలి: ఇంట్లో జూమ్ వద్దు, రెండడుగులు ముందుకి నడవండి, ఫ్లాష్ వెయ్యండి. వీటి ఫ్లాష్ సుమారు 3 మీటర్ల దాకా పనిచేస్తుంది. కల్యాణ మండపంలో పదో వరస నుంచి ఫ్లాష్ కొడితే వెలిగేది ముందు కూర్చున్నవాళ్ళ జుట్టే.

ఖరీదైన అంగుళం సెన్సార్ కెమెరాకి అంత డబ్బెందుకో ఇప్పుడు అర్థమవుతుంది. 1.8 లెన్స్ 3.2 లెన్స్ కంటే 3 రెట్లు వెలుగు ఇస్తుంది, సెన్సార్ 4 రెట్లు పెద్దది. రెండూ కలిస్తే ఒకే గదిలో, ఒకే షటర్ వేగంతో, ఫొటోకి అందే వెలుగు 12 రెట్ల పైన. పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఫ్లాష్ లేకుండా, ఒక దీపం వెలుగులో ఫొటో తియ్యాలంటే ఈ తరగతి కెమెరానే ఇవ్వాలి. అంత బడ్జెట్ లేదంటే ఆ జంటకి కెమెరా ఇవ్వకపోవడమే మేలు. వాళ్ళ ఫోన్ ఆ పని ఎలాగూ చేస్తోంది.

మెగాపిక్సెల్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 10 అంగుళాలు, 8 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 300 చుక్కలు లెక్కన 72 లక్షల పిక్సెళ్ళు, అంటే 7.2 మెగాపిక్సెళ్ళు చాలు. నీళ్ళలో 15 మీటర్ల లోతుకి దిగే ఓఎమ్ సిస్టమ్ టీజీ-7లో ఉన్నది 12 మెగాపిక్సెళ్ళే, దాని ధర మాత్రం తక్కువేం కాదు.

48 మెగాపిక్సెల్ బొమ్మలు

ఆన్‌లైన్‌లో "పిల్లల కెమెరా", "వ్లాగింగ్ కెమెరా" అని వెతికితే మొదటి పేజీ నిండా ఇవే వస్తాయి. గులాబీ, లేత ఆకుపచ్చ రంగులు. 48 మెగాపిక్సెల్, 4కే, 16 ఎక్స్ అని పెద్ద అక్షరాలు. పెట్టెలో కార్డు, రెండు బ్యాటరీలు, తాడు, సంచీ అన్నీ ఉచితం. బొమ్మలో చూడ్డానికి కెమెరాలాగే ఉంటుంది. లోపల ఉన్నది చాలావరకు వెబ్‌క్యామ్ స్థాయి సెన్సార్. తక్కువ పిక్సెళ్ళతో తీసిన ఫొటోని సాఫ్ట్‌వేర్ సాగదీసి 48 అని రాస్తుంది. ఫైల్ పెద్దదవుతుంది తప్ప వివరం పెరగదు.

వీటిని కొనకముందే పట్టుకోవచ్చు. ముందు ఫ్లాష్ చూడండి. అసలైన ఫ్లాష్, అంటే జీనాన్ ఫ్లాష్, గీతలు గీతలుగా ఉన్న పారదర్శక పలక వెనక సన్నటి గాజు గొట్టంలా ఉంటుంది. బొమ్మ కెమెరాలో ఉండేది ఫోన్ టార్చ్ లాంటి పసుపు చుక్క, ఎల్ఈడీ. గాజు గొట్టం సెకనులో వెయ్యో వంతు కంటే తక్కువ సమయంలో మెరిసి కదలికని ఆపేస్తుంది. ఎల్ఈడీ ఊరికే సన్నగా వెలుగుతూ ఉంటుంది. తర్వాత లెన్స్: ఆన్ చేస్తే బయటికి రాకపోతే, ఉంగరం మీద ఒకే అంకె ఉంటే, జూమ్ లేనట్టే. నీళ్ళలో వాడే కెమెరాలు మాత్రం దీనికి మినహాయింపు, వాటిలో జూమ్ లోపలే కదులుతుంది. చివరిగా వివరాల పట్టికలో సెన్సార్ కొలత, "ఆప్టికల్ జూమ్" (లెన్స్ చేసే జూమ్) అనే మాట వెతకండి. "డిజిటల్ జూమ్" ఒక్కటే ఉంటే, సెన్సార్ కొలత రాయనే లేకపోతే, అది వదిలేయండి.

ఆరేళ్ళ పిల్లకి, పగిలినా ఫరవాలేదని ఇచ్చేటట్టయితే ఈ బొమ్మలతో నష్టం లేదు, బొమ్మ ధరకి కొన్నంతవరకు. పన్నెండేళ్ళ పిల్లకి ఇస్తే మాత్రం అన్యాయం. తన పాత ఫొటోలని ఫోన్ ఫొటోల పక్కన పెట్టి చూసుకునే వయసు అది. తప్పు తనదే అనుకుని ఆ సరదానే వదిలేస్తుంది.

ఎవరికి ఏది

పది నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకి కొడాక్ పిక్స్‌ప్రో ఎఫ్‌జడ్55 లాంటి కెమెరా సరిపోతుంది. 16 మెగాపిక్సెళ్ళు, 5 రెట్ల నిజమైన జూమ్, అసలైన ఫ్లాష్, జేబులో పట్టే బరువు. దాని మీద ఉన్నది పాత కొడాక్ పేరే గాని, ఆ పేరు లైసెన్సు తీసుకుని అమ్మేది వేరే కంపెనీ. అది తెలిసి కొంటే చాలు, తప్పుపట్టాల్సింది లేదు. దీని తమ్ముడు ఎఫ్‌జడ్45 గడియారాల్లో వేసే ఏఏ సెల్స్ రెండింటితో నడుస్తుంది. ఛార్జర్ పారేసుకునే పిల్లలకీ, ఛార్జింగ్ సంగతి గుర్తుండని పెద్దలకీ ఇది నిజంగా సుఖం. గోడ గడియారంలో వేసే చవక సెల్స్ వేస్తే ఇరవై ఫొటోలకే చచ్చిపోతుంది. 2000 ఎంఏహెచ్ దగ్గరున్న రీఛార్జబుల్ నికెల్ సెల్స్ నాలుగు, వాటి ఛార్జర్ కలిపి ఇవ్వండి.

పెద్దవాళ్ళకి కొనేటప్పుడు మోడల్ పేరు కంటే తెర, బటన్లు ముఖ్యం. వెనక తెర 3 అంగుళాలకి తగ్గకూడదు. మెరీనాలో మధ్యాహ్నం ఎండలో ఆ తెర మీద ఏమైనా కనబడుతుందా అన్నదీ చూడాలి. దుకాణం గుమ్మం బయటికి తెచ్చి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది. జూమ్ మీట షటర్ బటన్ చుట్టూ ఉంటే చూపుడు వేలితోనే తిప్పొచ్చు. కొన్ని కెమెరాల్లో వెనక బొటనవేలి దగ్గర రెండు చిన్న బటన్లుగా ఉంటుంది. కీళ్ళ నొప్పులున్న చేతికి అది కష్టం.

వేడంతాంగల్ పక్షులకీ, పులికాట్ రాజహంసలకీ మోజుపడే మావయ్యకైతే ఫోన్ ఎంత ఖరీదైనదైనా చేతులెత్తేస్తుంది. ఇక్కడ చిన్న సెన్సారే వరం. సెన్సార్ చిన్నదైతే పొడుగు జూమ్ లెన్స్‌ని జేబులో పట్టేంత చెయ్యొచ్చు. కెనాన్ పవర్‌షాట్ ఎస్ఎక్స్740 హెచ్ఎస్ 40 రెట్ల జూమ్, ఫిల్మ్ కెమెరా లెక్కలో చెప్పాలంటే 24 నుంచి 960 మిల్లీమీటర్లు. పక్షుల వేళ ఉదయం, వెలుగు బోలెడు. చిన్న సెన్సార్ బలహీనత అక్కడ బయటపడదు. అదే కెమెరాని పెళ్ళి ఫొటోలకిస్తే నిరాశే మిగులుతుంది.

కాలేజీ పిల్లలు ఈమధ్య 2000ల నాటి, సీసీడీ అనే పాతరకం సెన్సార్ ఉన్న కెమెరాలు కావాలని అడుగుతున్నారు. సీసీడీ అన్న మూడక్షరాల కోసం రెండింతలు ధర పెట్టకండి. వాళ్ళకి నచ్చే ఆ రూపం చాలావరకు దగ్గర్నుంచి సూటిగా కొట్టే ఫ్లాష్ వల్ల, ఆనాటి కెమెరా రంగులని వండిన తీరు వల్ల వచ్చేది. సోనీ డబ్ల్యూ830, ఇక్సస్ 185 కూడా సీసీడీలే, అంత పాతవి కావు.

పాత కెమెరా కొనాలంటే చేతిలోకి తీసుకుని చూడకుండా కొనొద్దు. పదిసార్లు ఆన్, ఆఫ్ చెయ్యండి. లెన్స్ ఒక్కసారి తడబడినా, గరగరమన్నా లోపల ఇసుక ఉన్నట్టు, వదిలేయండి. జూమ్ పూర్తిగా లాగి తెల్లగోడని ఫొటో తీసి చూడండి. నల్లటి మసక చుక్కలు సెన్సార్ మీది దుమ్ము. ఫోన్ టార్చ్ లెన్స్‌లోకి పక్కవాటుగా వేస్తే సాలెగూడు పోగుల్లాంటివి కనబడితే అది బూజు. బ్యాటరీ బయటికి తీసి బల్ల మీద పెట్టండి. గుండ్రంగా తిరిగితే, ఊగితే అది ఉబ్బిపోయింది. బ్యాటరీ తీసి, పది నిమిషాలాగి మళ్ళీ పెడితే తేదీ అడుగుతోందంటే లోపలి చిన్న బ్యాటరీ పోయిందన్నమాట. ఫొటోలకి ఇబ్బంది లేదు గాని పెద్దవాళ్ళకి ఇచ్చేదైతే ప్రతిసారీ ఆ తేదీ గోల తప్పదు. 2002-2004 మధ్య తయారైన కొన్ని కంపెనీల సెన్సార్లు వేడికి, తేమకి లోపల తీగ అతుకులు ఊడి ఊదారంగు గీతలు చూపిస్తాయి. చెన్నై వాతావరణంలో ఆ కాలపు కెమెరా మీద డబ్బు పెట్టడం తెలివి కాదు. అలాగే పాతరకం మెమరీ కార్డులైన ఎక్స్‌డీ కార్డు, మెమరీ స్టిక్ మాత్రమే తీసుకునే కెమెరా కానుకకి పనికిరాదు. కెమెరా కొన్నంత కష్టం కార్డు వెతకడానికి పడాలి.

అమెరికా నుంచో జపాన్ నుంచో బంధువులతో తెప్పించే ఆలోచన ఉంటే రెండు సంగతులు తెలుసుకోండి. జపాన్‌లో అమ్మే సోనీ కెమెరాల్లో చాలావాటికి మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, మార్చడానికి వీలుండదు. అమెరికా నుంచి వచ్చినవి వీడియోకి సెకనుకి 30 లేదా 60 ఫ్రేములకి సిద్ధంగా ఉంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ట్యూబ్‌లైట్ కింద వీడియో తీస్తే అలలు అలలుగా మినుకుతుంది. మెనూలో మన దేశపు వీడియో పద్ధతి అయిన పాల్‌కి మార్చే వీలుందో లేదో కొనేముందే చూడాలి. వారంటీ కూడా కొన్న దేశానిదే.

కార్డు, బ్యాటరీ, బిల్లు

కార్డు విషయంలో పాత కెమెరాలు ముభావంగా ఉంటాయి. 2 జీబీ దాటి 32 జీబీ దాకా ఉండే కార్డులు ఎస్‌డీహెచ్‌సీ రకం, 64 నుంచి పైవి ఎస్‌డీఎక్స్‌సీ. పెద్ద కార్డు పెడితే పాత కెమెరా "కార్డ్ ఎర్రర్" అని ఊరుకుంటుంది. లోపం కార్డుదీ కాదు, కెమెరాదీ కాదు, కార్డు మీద ఫైళ్ళు రాసుకునే పద్ధతి వేరు. మామూలు కెమెరాకి 32 జీబీ, క్లాస్ 10 కార్డు ఒకటి చాలు, 20 మెగాపిక్సెల్ ఫొటోలు 4 వేల పైచిలుకు పడతాయి. 4కే వీడియో తీసే కెమెరా అయితే లెక్క మారుతుంది. సెకనుకి 120 మెగాబిట్ల చొప్పున రాసే కెమెరాలో ఆ 32 జీబీ అరగంట దాటి కాసేపటికే నిండుతుంది. దానికి వేగంగా రాసే, వీ30 గుర్తున్న 128 జీబీ కార్డు ఇవ్వండి.

మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో కార్డులు చవగ్గా దొరుకుతాయి. నకిలీవీ అక్కడక్కడ కలుస్తాయి. నకిలీ 64 జీబీ కార్డు కంప్యూటర్లో 64 అనే చూపిస్తుంది. లోపల 8 ఉంటే, 8 నిండాక కొత్త ఫొటోలు పాతవాటి మీద పడి రెండూ పోతాయి. ఇచ్చేముందు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో కార్డు మొత్తం నింపి తిరిగి చదివించి చూడటం గంట పని. పాప మొదటి విహారయాత్ర ఫొటోలు పోవడంతో పోలిస్తే అది ఏపాటి.

బ్యాటరీ ఒకటి అదనంగా కొనండి. ఈ కెమెరాలు ఒక ఛార్జికి 200 పైచిలుకు ఫొటోలకి మించి ఇవ్వవు. అదీ కొత్త బ్యాటరీతో. మహాబలిపురం వెళ్తే రథాల దగ్గర మొదలైన ఛార్జి తీర దేవాలయం చేరేసరికి అయిపోతుంది. అలాగే ఫొటోలు ఫోన్లోకి ఎలా వస్తాయన్నది ముందే తేల్చాలి. వైఫై ఉన్న కెమెరాకి ఫోన్ యాప్ ఉంటుంది, పెద్దవాళ్ళకి అది మహా చికాకు. టైప్-సీ పిన్ను ఉన్న చిన్న కార్డు రీడర్ కొని పెట్టెలో వెయ్యండి. కార్డు అందులో దూర్చి ఫోన్‌కి గుచ్చితే ఫొటోలు నేరుగా కనబడతాయి.

బర్మా బజారులోనో తెలిసినవాళ్ళ దగ్గరో బిల్లు లేకుండా నాలుగు వేలు తగ్గుతుందంటే, ఆ నాలుగు వేలకీ వారంటీ అమ్ముకుంటున్నట్టు. లెన్స్ మోటారు ఇరుక్కుంటే మరమ్మతు ఖర్చు కెమెరా ధరలో సగానికి పోవచ్చు. జీఎస్టీ బిల్లు మీద కెమెరా అడుగున ఉన్న సీరియల్ నంబర్ రాయించండి. ఆన్‌లైన్‌లో కొంటే ఇంకో జాగ్రత్త: వెనక్కి తీసుకునే గడువు కొద్ది రోజులే. పుట్టినరోజుకి నెల ముందు కొని సీలు తియ్యకుండా దాచిపెడితే, తీసిన రోజున లోపం బయటపడినా చేసేదేం ఉండదు. సీలు పోతే కానుక అందం పోతుందని సందేహించకండి. మీరే తీసి, వంద ఫొటోలు తీసి, మళ్ళీ సర్ది ఇవ్వడమే సరైన పని.

తేమ

చెన్నై గాలిలో తేమ ఏడాదిలో చాలా నెలలు 70 శాతం చుట్టూ ఉంటుంది. లెన్స్ మీద బూజు పట్టడానికి అది చాలినంత. బూజు అద్దం మీది పూతని తినేస్తే తుడిచినా మచ్చ మిగులుతుంది. తోలు కేసులో పెట్టి బీరువాలో చీరల మధ్య దాచడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. తోలు తేమని పట్టి ఉంచుతుంది, కలరా ఉండలు, కర్పూరం ఆవిరి కెమెరాకి పడదు. మూత బిగుతుగా పట్టే ప్లాస్టిక్ డబ్బా ఒకటి, అందులో 50 గ్రాముల సిలికా జెల్ సంచీ, అంతే ఖర్చు. రంగు మారే రకం కొంటే గింజల రంగు చూసి ఎప్పుడు తేమ నిండిందో తెలుస్తుంది. బాణలిలో సన్న సెగ మీద వేయిస్తే మళ్ళీ పాత రంగుకొస్తాయి. వారానికోసారి బయటికి తీసి వాడటం ఇంకా మంచిది. ఏసీ గదిలోంచి బయటి ఉక్కలోకి తెచ్చిన వెంటనే లెన్స్ మంచు పట్టినట్టవుతుంది. గదిలోనే జిప్ కవర్లో పెట్టి, బయటికి తెచ్చాక పావుగంట ఆగి తీస్తే నీటి బొట్లు కవర్ మీద పడతాయి, కెమెరా మీద పడవు.

బెసంట్‌నగర్ బీచ్‌కి తీసుకెళ్ళినా అదే జిప్ కవర్. సాగే లెన్స్ గొట్టాల మధ్య సందు వెంట్రుకంత. ఒక్క ఇసుక రేణువు దూరితే మోటారు ఇరుక్కుని "లెన్స్ ఎర్రర్" వస్తుంది. ఎర్రర్ వచ్చినప్పుడు చేత్తో లాగొద్దు, నొక్కొద్దు.

పెట్టె ఇచ్చేముందు

అరగంట కేటాయించి ఈ పనులు మీరే చెయ్యండి. బ్యాటరీ పూర్తిగా ఛార్జి చేసి, తేదీ, సమయం సరిగా పెట్టండి. కార్డుని కంప్యూటర్లో కాదు, కెమెరా మెనూలోంచి ఫార్మాట్ చెయ్యండి. డిజిటల్ జూమ్ ఆపేయండి, అప్పుడు జూమ్ నిజమైన జూమ్ దగ్గరే ఆగుతుంది. రెడ్ ఐ తగ్గించే ఫ్లాష్ కూడా ఆపేయండి: అది ఫొటోకి ముందే ఒకసారి మెరుస్తుంది, ఫొటో అయిపోయిందనుకుని అందరూ కదిలిపోతారు, అసలు ఫొటో ఆ తర్వాత పడుతుంది. మణికట్టు తాడు ముడి వేసి ఇవ్వండి, పెట్టెలో విడిగా వదిలేస్తే ఎవరూ కట్టరు. మెనూ చప్పుళ్ళన్నీ ఆపండి, ఫోకస్ చప్పుడు ఒక్కటి మాత్రం ఉంచండి.

ఆ చప్పుడు ఎందుకంటే, ఫోన్‌కి అలవాటైన వేలు బటన్‌ని ఒక్క పోటు పొడుస్తుంది. కెమెరా ఫోకస్ చేసుకునేలోపే ఫొటో పడుతుంది, పైగా ఆ పోటుకి కెమెరా కిందికి ఊగుతుంది. బటన్ని సగం నొక్కి ఆపాలి. తెర మీద పచ్చ చదరం వచ్చి "టిటిక్" అనగానే మిగతా సగం మెల్లగా నొక్కాలి. కానుక ఇచ్చిన రోజు పక్కన కూర్చుని, ఎదురుగా కాఫీ గ్లాసు పెట్టి, ఈ ఒక్కటీ ఇరవైసార్లు చేయించండి. ఆ చప్పుడు కోసం వేలు తనంతట తానే ఆగేదాకా.